లైన్లో నా పక్కన

నవంబర్ 27, జగిత్యాల

లత నుదుటి మీద కుట్లు పడ్డాయి, ఎడమ కనుబొమ్మకు కాస్త పైన. మచ్చ మిగులుతుందని డాక్టరు చెప్పాడు. "మిగలనియ్యి సార్. పోలీసోల్లకు మచ్చ ఉంటే జనం జర బెదురుతరు" అంది లత. అంత నొప్పిలో దానికి నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటాను. కోరుట్లలో రైతులు రోడ్డు మీద కూర్చున్నారు, తడిసిన వడ్లు కొనడం లేదని. మేము షీల్డులు పట్టుకుని వరుసగా నిలబడ్డాం. నా పక్కన లత. మధ్యాహ్నానికి తోపులాట మొదలైంది. ఒకాయన రాయి పట్టుకుని సరిగ్గా నా ముందుకు వచ్చి చెయ్యెత్తాడు. లాఠీ నా చేతిలోనే ఉంది. నేను లేపలేదు. రాయి నన్ను దాటి లతకు తగిలింది.

ఎందుకు లేపలేదంటే, ఆయన ముసలాయన. మా బాపు వయసుంటుంది. అంత పెద్దమనిషిని ఎట్లా కొడతాం? ఇందులో భయం ఏమీ లేదు. భయం కాదు.

నవంబర్ 28

లతకు ఇడ్లీ తీసుకెళ్లాను. తిన్నది. నన్నేమీ అనలేదు.

నవంబర్ 30

ఈ రోజు రోల్ కాల్ దగ్గర అరవింద్ అందరి ముందే నోరు తెరిచాడు. మా బ్యాచ్ వాడే. మొన్నటి దాకా నా డబ్బాలో పచ్చడి వేసుకుని తిన్నవాడే.

"సార్, బందోబస్తుల నన్ను గీత పక్కకు ఎయ్యకున్రి. ఇంకెక్కడన్న నిలబడ్త."

ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది. నేను నిటారుగా నిలబడి ఎదురు గోడను చూశాను. ఆ గోడకు సున్నం ఎక్కడెక్కడ ఊడిందో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

నేను మా ఊరి నుంచి పోలీసు ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను. ఐదు కిలోమీటర్ల పరుగులో మగపిల్లలు వాంతులు చేసుకుంటుంటే ఆగకుండా పరిగెత్తాను. నా యూనిఫాం ఇస్త్రీ ఇప్పటికీ వేరేవాళ్ల చేతికి ఇవ్వను. మడత మీద వేలు పెడితే తెగాలి, అంత పదునుగా ఉండాలి నాకు. రాయికల్ సంతకు యూనిఫాంలో వెళితే నన్ను కన్న అవ్వ మొగిలవ్వ కొనాల్సినవన్నీ కొన్నాక కూడా ఇంకో చుట్టు తిప్పుతుంది, నలుగురూ చూడాలని. అట్లాంటి నా పక్కన నిలబడనంటాడా వీడు?

సాయంత్రం కాగితం చేతికి వచ్చింది. సిరిసిల్లలో రిఫ్రెషర్ కోర్సు. గుంపులను ఎదుర్కోవడం మీద. ఆ కోర్సుకు ఎవరిని పంపుతారో అందరికీ తెలుసు. అక్కడి రిపోర్టు బాగుంటే మళ్లీ లైన్లోకి. లేకుంటే స్టేషన్లో రిసెప్షన్ కుర్చీ.

డిసెంబర్ 1

ఇంటికి ఫోన్ చేశాను. "సిరిసిల్లల స్పెషల్ ట్రైనింగ్ అవ్వా, కొందర్నే తీసుకుంటరు" అన్నాను. అబద్ధం ఏముంది ఇందులో? కొందరినే తీసుకుంటారు.

డిసెంబర్ 2, సిరిసిల్ల

బ్యారక్ గోడ అవతల మరమగ్గాల చప్పుడు. నాకు నిద్ర బాగానే పట్టింది.

ఒక సంగతి మొదటి రోజు రాయడం మర్చిపోయాను. కోరుట్లలో ఆ ముసలాయన వెనక ఒక చిన్నపిల్ల ఉంది. లాఠీ తిప్పితే ఆ పిల్లకు తగిలేది. అందుకే ఆగాను.

డిసెంబర్ 4

మా ఇన్‌స్ట్రక్టర్ చంద్రమౌళి సార్. రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి, బుర్ర మీసాలు, గొంతు విప్పితే గ్రౌండ్ అవతల మేకలు కూడా నిలబడతాయి. ఆయన లాఠీ డ్రిల్లు నేర్పిస్తాడని వచ్చాం. వచ్చాక చూస్తే ఆయన నాటకం ఆడుతున్నాడు.

నిజంగా నాటకమే. తలకు ఎర్ర తువ్వాల చుట్టుకుని ఒకసారి తాగుబోతు అవుతాడు, ఒకసారి కొడుకు పోయిన తల్లి అవుతాడు. మేము ఒక్కొక్కళ్లం లాఠీ పట్టుకుని ఎదురు వెళ్లాలి. ఆయన మన తాతముత్తాతలను కూడా వదలకుండా తిడతాడు. మనం చెయ్యి అందనంత దూరంలో నిలబడి ముందు పేరు అడగాలి. వినకపోతే హెచ్చరించాలి. అప్పటికీ మీదికి వస్తే మోకాలి కింద ఒక్క దెబ్బ. అంతకన్నా పైకి లాఠీ లేచిందంటే ఆయన గ్రౌండ్ చుట్టూ పరుగు పెట్టిస్తాడు.

మీసాల మనిషి కొంగు కప్పుకున్నట్టు తువ్వాల కప్పుకుని "నా కొడుకును మింగిన్రు గదరా" అని నేల మీద పడి ఏడుస్తుంటే మావాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. నా వంతు కోసం చూస్తున్నాను. ఇక్కడ కూడా కోరుట్ల కథ అందరికీ చేరింది. వెనక గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి.

నా వంతు వచ్చింది. ఆయన లేచి రెండడుగులు నా వైపు వేశాడో లేదో, పిక్క మీద కొట్టాను. గట్టిగా. ఆ చప్పుడుకు నవ్వులు ఆగిపోయాయి. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ పోయి నేల మీద కూలబడ్డాడు. ఇప్పుడనండి రా గీత లాఠీ లేపదని.

ఆయన పిక్క రుద్దుకుంటూ, తువ్వాల తలమీదే ఉంచుకుని అడిగాడు.

"మంచిగ తాకింది బిడ్డా. ఇప్పుడేం జేస్తవ్?"

"ఏంది సార్?"

"కొట్టినవ్. నేను కింద పడ్డ. నా ఎనుక రెండు వందల మంది ఉన్నరు, అందరు జూసిన్రు. ఇప్పుడేం జేస్తవ్?"

నేను లాఠీ కొన నేలకు ఆనించాను.

"కొట్టుడు ఎవ్వనికన్న అస్తది. దున్నపోతుకు గూడ అస్తది. కొట్టినంక ఏం జెయ్యాలెనో నేర్పనీకే గవర్మెంటు నాకు జీతం ఇస్తున్నది. పో, రేపు జెప్పు."

డిసెంబర్ 5

సార్ కుంటుతున్నారు. నేను చూడనట్టు ఉన్నాను. ఆయనా జవాబు అడగలేదు.

డిసెంబర్ 7

ఈ రోజు జంటలు చేశారు. ఒకరు తిట్టాలి, ఇంకొకరు వినాలి. వినేవాళ్లు తిట్టే మనిషి పేరు అడగాలి, మళ్లీ మళ్లీ అడగాలి, గొంతు పెంచకుండా. నాతో జత కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. సార్ స్వయంగా వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. ఆయన తిట్టలేదు. కోరుట్ల సంగతి చెప్పమన్నారు.

చెప్పాను. మీదికి వచ్చిన ప్రతివాణ్ణీ కొట్టాలని లేదు కదా, నేను ఆలోచించే ఆగాను అన్నాను. తక్కువ బలం వాడడమంటే అదే కదా, మీరు నేర్పేదీ అదే కదా అని కూడా అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "ఆయన ఏం అంగీ ఏసుకున్నడు?"

"యాది లేదు సార్."

"మీసం ఉన్నదా?"

"యాది లేదు."

"రాయి ఎంతుంటది?"

రాయి చెప్పాను. నల్లగా, ఒక మూల తెల్లటి గీతతో, మా ఇంట్లో నూరే రాతి పొత్రంలో సగం ఉంటుంది. కాస్త మట్టి అంటుకుని ఉంది దానికి.

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. అంగీ రంగు ఎవరు చూస్తారు అంత గొడవలో? అడగడానికైనా అర్థం ఉండాలి.

డిసెంబర్ 9

బాపు ఫోన్ చేశాడు. కల్లు గీసి చెట్టు దిగి నేరుగా చేసినట్టున్నాడు, ఆయాసం ఇంకా తగ్గలేదు.

"బిడ్డా, సిరిసిల్లల నువ్వు పోలీసులకే సదువు జెప్తున్నవట గద?"

"ఎవరన్నరు బాపు?"

"నేనే అన్న. కల్లు మండువ కాడ అందరికి జెప్పిన. నా బిడ్డ పోలీసులకే పోలీసు అని."

సరిదిద్దాలని నోటి దాకా వచ్చింది. అటు పక్కన ఎవరో "కొమురెల్లీ, ఇగ నీకేంది" అంటున్నారు, బాపు నవ్వుతున్నాడు. ఊరుకున్నాను. ఆ నవ్వు కోసం చిన్న అబద్ధం మోయలేనా.

డిసెంబర్ 11

లతకు కుట్లు విప్పి ఉంటారు. తను ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

డిసెంబర్ 13

అక్షరాలు పాముల్లా పోతున్నాయి. అయినా ఈ రోజుది ఈ రోజే రాయాలి.

పొద్దున పీటీ మధ్యలో పిలుపు వచ్చింది. రుద్రంగి దాటాక ఒక ఊరు, పేరు రాయను. గల్ఫ్ నుంచి ఆ ఊరి పిల్లవాడి శవపెట్టె వచ్చింది. ఎయిర్‌పోర్టు నుంచి అంబులెన్సులో తెచ్చి, సొంత ఇంటికి తీసుకెళ్లకుండా, వీసా ఇప్పించిన ఏజెంటు ఇంటి ముందు రోడ్డు మీద దించారు. చెప్పిన పని ఒకటి, అక్కడ పెట్టిన పని ఒకటి. ఎండలో ఎత్తు మీది నుంచి పడ్డాడు ఆ పిల్లవాడు. ఏజెంటు తలుపు గడియ పెట్టుకుని లోపలే ఉన్నాడు, పెళ్లాం పిల్లలతో. సిబ్బంది చాలక మా బ్యాచ్‌ను కూడా వ్యాన్ ఎక్కించారు.

వెళ్లేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. మేము ఇంటి ముందు లైను కట్టాం. నేను చివర, కిటికీ వైపు. నా పక్కన మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరూ రారని నాకు తెలుసు. ఒక్క నిమిషం చూసి చంద్రమౌళి సార్ కుంటుకుంటూ వచ్చి అక్కడ నిలబడ్డారు. నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు.

వైర్‌లెస్‌లో "బాడీ" అంటున్నారు. అంబులెన్సు డ్రైవర్ "బాక్సు" అంటున్నాడు. పెట్టె మీద విమానం కాగితాలు అంటించి ఉన్నాయి. దాని పక్కన నేల మీద తల్లి కూర్చుని ఉంది, అరచెయ్యి పెట్టె మీద ఆనించి. శంకరవ్వ అని చుట్టూ ఉన్నవాళ్లు పిలుస్తుంటే తెలిసింది. ఆమె ఏడవడం లేదు. ఒకే మాట మళ్లీ మళ్లీ అంటోంది. "ఆడు బయటికి రావాలె. నా మొకం జూడాలె. గంతే."

డ్యూటీకి ఇన్‌చార్జిగా వచ్చిన అధికారి ఇటు ప్రాంతం మనిషి కాదు. ఆయనకు ట్రాఫిక్ కనిపిస్తోంది. ముందు బాడీ తీసి అంబులెన్సులో పెట్టండి, తర్వాత మాట్లాడదాం అన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లి పెట్టె మీద చెయ్యి వేశారు. అంతే. శంకరవ్వ ఆ చేతుల మీద పడి కొట్టింది. జనం ఒక్కసారిగా అరిచారు. ఏజెంటు ఇంటి పెంకుల మీద రాళ్లు పడడం మొదలైంది. లోపల పిల్లల ఏడుపు.

అప్పుడు వచ్చాడు ఇంకో పిల్లవాడు. ఇంటి పక్క సందు నుంచి, చేతిలో పెట్రోలు సీసా, మూతిలో గుడ్డ కుక్కి ఉంది, ఇంకో చేతిలో లైటర్. నేరుగా కిటికీ వైపు. కిటికీకి, వాడికి మధ్యలో నేనే ఉన్నాను.

నీలం గళ్ల చొక్కా. పై గుండీ లేదు. మెడలో నల్లదారం. కళ్లు వాచిపోయి ఉన్నాయి, రాత్రంతా ఏడ్చినట్టు. ఇవన్నీ నాకు కనిపించాయి.

"ఆగు" అన్నాను. "సీసా కింద పెట్టు" అన్నాను. లైటర్ వెలిగింది. నడుము వంచి పిక్క మీద ఒక్క దెబ్బ కొట్టాను. వాడు కూలిపోయాడు. సీసా దొర్లి పెట్రోలు మట్టిలో ఇంకింది. లైటర్‌ను కాలితో దూరం తన్నాను. అక్కడికి నా దెబ్బ అయిపోయింది. రెండోది కొట్టలేదు.

"ఆడపోలీసు కొట్టింది! పీనుగు ముంగట కొట్టిన్రు!" ఎవరో ఆడమనిషి అరిచింది. గుంపు మొత్తం ముందుకు ఊగింది. ఇన్‌చార్జి అధికారి చెయ్యి పైకి లేచింది, ఆ చెయ్యి దిగితే లాఠీలు నడుస్తాయి. శవపెట్టె దగ్గర, ఏడ్చేవాళ్ల మీద. నాకు ఒక్కటే వినిపిస్తోంది. కొట్టినవ్. ఇప్పుడేం జేస్తవ్?

లాఠీ చంకలో పెట్టుకుని వాడి పక్కన గొంతుక్కూర్చున్నాను. "నీ పేరేంది తమ్మీ?"

నోటికి వచ్చింది తిట్టాడు.

"పేరేంది తమ్మీ?"

"భూమేశ్."

"పెట్టెల ఉన్నదెవలు?"

"మా బావ."

"బావ పేరేంది?"

వాడు నా ముఖంలోకి చూశాడు. పొద్దుటి నుంచి ఎవరూ అడగలేదేమో. "సాయిలు" అన్నాడు, అని మట్టిలో ముఖం పెట్టి బావురుమన్నాడు.

నేను లేచి తల్లి వైపు తిరిగాను. గొంతు పెంచాలని కాదు, కానీ నాకు తెలియకుండానే పెరిగింది.

"అవ్వా, సాయిలును దించిన్రు గద. పిలిసిన్రా?"

చప్పుడు తగ్గింది. ఒకేసారి కాదు, ముందు వరుసలో తగ్గి వెనక్కి వెళ్లింది. శవాన్ని తీసుకెళ్లేటప్పుడు దారిలో ఒకచోట దించుతారు. దింపుడు కళ్లం. సొంతవాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, పలుకుతాడేమోనని. పలకకపోతే లేపి నడుస్తారు. మా తాత పోయినప్పుడు బాపు పిలిచాడు, నేను పక్కనే ఉన్నాను. వీళ్లు సాయిలును కోపంతో దించారు. అడ్డం పెట్టడానికి దించారు. పిలవాలన్నది ఎవరికీ తోచలేదు.

ఒక పెద్దాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "పిలువలే బిడ్డా. మా కోపంల మేం మరిచినం."

శంకరవ్వ పెట్టె మీద చెయ్యి ఆడిస్తోంది, అటూ ఇటూ. "ఎట్ల పిలువాలె? చెవు ఎక్కడున్నదే? మేకులు గొట్టిన్రు."

పెట్టె మీద తల ఎటువైపో గుర్తు వేసి ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాను. "గీడ అవ్వా. గీడున్నది."

ఆమె చెక్క మీద చెంప ఆనించింది. "సాయిలూ" అంది. మామూలుగా, అన్నానికి పిలిచినట్టు. ఎవరో చేతిలోని రాయి వదిలేశారు, అది రోడ్డు మీద పడ్డ చప్పుడు విన్నాను. "సాయిలూ" అంది మళ్లీ. ఈసారి ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు, పొద్దుటి అరుపులు కావు, ఏడుపు. మూడోసారి పిలవబోయి, పెట్టెను రెండు చేతులా వాటేసుకుని కొంచెంసేపు ఉండిపోయింది. అందరూ ఆగారు. ఇన్‌చార్జి అధికారి చెయ్యి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు.

"సాయిలూ... ఇగ పోదాం పా కొడుకా" అంది.

పెద్దాయన "లేపున్రి" అన్నాడు. లేపారు. భూమేశ్ కుంటుకుంటూ వచ్చి పెట్టె ముందు మూల భుజం మీద వేసుకున్నాడు. నన్ను దాటుతున్నప్పుడు ఒకసారి చూశాడు.

శంకరవ్వ నా దగ్గర ఆగింది. "ఆడు నా మొకం జూడాలె బిడ్డా."

"జూస్తడు అవ్వా. స్టేషన్ల నిలవెడ్తం. నేనుంట గాడ."

నాకు మాట ఇచ్చే హోదా లేదు. ఇచ్చేశాను. వెనక నుంచి చంద్రమౌళి సార్ "నేను గూడ ఉంట" అన్నారు.

వ్యాన్ ఎక్కాక నీళ్ల సీసా మూత తియ్యలేకపోయాను. భయమేసింది. వాడి చేతిలో లైటర్ వెలిగినప్పుడు నాకు ప్రాణం పోయినంత భయమేసింది. మొదటిసారి రాస్తున్నాను ఈ మాట. భయమేసింది, కానీ కళ్లు తెరిచే ఉన్నాయి. గుండీ లేని చొక్కా కూడా చూశాను.

డిసెంబర్ 14

సార్ టీ తాగుతూ అడిగారు. "పిలువుమన్నది ఎందుకు? రోడ్డు ఖాళీ చేపియ్యనీకా?"

"కాదు సార్. పిలువలేదు గనక."

ఆయన గ్లాసు కింద పెట్టారు. తర్వాత "పిక్క నొప్పి ఇప్పుడు తగ్గింది నాకు" అన్నారు. ఇరవై మంది ముందు నా భుజం తట్టారు. ఆ తట్టిన చోటు ఇంకా వెచ్చగానే ఉంది, రాయడానికి సిగ్గేమీ లేదు నాకు.

డిసెంబర్ 16

ఏజెంటు మీద కేసు కట్టారు. శంకరవ్వ స్టేషన్‌కు వచ్చింది. మాట ప్రకారం నేను, సార్ వెళ్లాం. ఏజెంటును ఆమె ఎదురుగా నిలబెట్టారు. వాడు తల ఎత్తలేదు. ఆమె తిట్టలేదు, కొట్టలేదు.

"నా కొడుకు పేరు జెప్పు" అంది.

వాడు ఏదో గొణిగాడు. "గట్టిగ జెప్పు" అంది. "సాయిలు" అని వాడు పలికేదాకా కదలలేదు. పలికాక కొంగు సర్దుకుని, నా గడ్డం పట్టుకుని ఒకసారి ముఖంలోకి చూసి వెళ్లిపోయింది.

డిసెంబర్ 17

లత వచ్చింది! జగిత్యాల నుంచి బస్సులో, ఎవరికీ చెప్పకుండా. మచ్చ బాగానే పడింది. గేటు దగ్గరే మొదలుపెట్టింది.

"ఏంది, పెద్ద మనిషివైనవట? ఫోన్ లేదు, పాడు లేదు."

"నువ్వెందుకు చెయ్యలే?"

"నువ్వే చెయ్యాలె గద. రాయి తాకింది నాకు."

ఇద్దరం కాసేపు మగ్గాల చప్పుడు వింటూ నిలబడ్డాం. నేను నోరు తెరిచాను. కోరుట్ల గురించి చెప్పాలని. ముసలాయన గురించి, వెనక పిల్ల గురించి రాసుకున్న సాకుల్లో ఒక్కటీ నిలబడలేదు. లత చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు గూడ భయమయ్యింది గీతా. ప్రతిసారి అయితది. నువ్వు ఒక్కదానివే అనుకున్నవా?" తర్వాత నా టోపీ సరిచేస్తూ అంది. "అరవింద్‌గాడికి జెప్పిన. ఇగ నుంచి గీత పక్కన చోటు నాదే, నువ్వు అడిగినా ఇయ్య అని."

ఏడ్చాను. యూనిఫాంలో ఏడవకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం ఈ రోజుకు పోయింది.

సాయంత్రం బాపుకు నేనే ఫోన్ చేశాను. రుద్రంగి సంగతి చెప్పి, భయమేసింది బాపూ అన్నాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకు రోజు అయితది. గందుకే చెట్టెక్కెముందు మోకు రెండుసార్లు గుంజి జూస్త."

నలభై ఏళ్లుగా నడుముకు మోకు కట్టుకుని తాటిచెట్లెక్కుతున్న మనిషి. నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

డిసెంబర్ 19

కోర్సు అయిపోయింది. సామాను సర్దుకుంటుంటే కబురు వచ్చింది, గ్రౌండ్‌కు రమ్మని. కొత్త బ్యాచ్ వరుసగా నిలబడి ఉంది, బూట్లు ఇంకా కరుస్తున్న పిల్లలు. చంద్రమౌళి సార్ తన ఎర్ర తువ్వాల తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మొగోని మొకానికి తల్లి ఏషం బాగ లేదని గిన్నేండ్లు నవ్విన్రు. మీ సార్లతోని మాట్లాడిన, నెలకు ఒకసారి అచ్చిపో. ఇయ్యాల మొదలువెట్టు."

బాపు కల్లు మండువలో చెప్పింది అబద్ధం కాదన్నమాట.

తువ్వాల తలమీద కప్పుకున్నాను. నేల మీద కూర్చుని, లేని పెట్టె మీద అరచెయ్యి ఆనించాను. ఏం అరవాలో ఆలోచించుకోనవసరం లేకపోయింది. కొత్త పిల్లలు మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు.

ఒకడిని సార్ ముందుకు తోశారు. బక్కగా ఉన్నాడు, లాఠీ పట్టిన చెయ్యి చెమట పట్టి జారుతోంది. నేను వాడి మీదికి లేచాను, తిట్టాను, మట్టి తీసి బూట్ల మీద చల్లాను. వాడి లాఠీ కొన కొంచెం లేచింది. నా కళ్లు ఆ కొన మీదే ఉన్నాయి. లేచి, ఆగింది. మెల్లగా దిగింది. వాడు చెయ్యి అందనంత దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

"నీ పేరేంది అవ్వా?"

ఎన్నిసార్లు ఈ డ్రిల్లు చేశానో. అయినా ఆ అడగడం వినగానే తువ్వాల కొస ముఖం మీదికి లాక్కున్నాను. వాడు ఆగాడు, కంగారుపడకుండా, మళ్లీ అడిగాడు.

"పేరేంది అవ్వా?"

"శంకరవ్వ" అన్నాను.